అనస్తీషియా సీటు తీసుకోవాలా వద్దా: 21 ఏళ్లుగా ఆ పని చేస్తున్న డాక్టరుగా నేను చెప్పగలిగింది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పీజీ నీట్‌లో మీకు వచ్చిన ర్యాంకుకు ఒక ప్రభుత్వ కాలేజీలో ఎండీ అనస్తీషియా వచ్చేలా ఉంది. కాదనుకుంటే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డీఎన్‌బీ పీడియాట్రిక్స్ (జాతీయ బోర్డు ఇచ్చే పిల్లల వైద్యం పీజీ) ఉంది. మీ నాన్నగారు "మత్తు డాక్టరుకు సొంత ప్రాక్టీసు ఉండదమ్మా, ఊళ్లో బోర్డు కూడా పెట్టుకోలేవు" అంటున్నారు. సీనియర్లలో కొందరు వార్డు రౌండ్లు ఉండవు, హాయిగా ఉంటుంది అంటున్నారు. ఇంకొందరు జీవితాంతం సర్జన్ కింద పనిచేయాలి అంటున్నారు. వీళ్లలో ఎవరి మాట నమ్మాలి అని అడిగారు.

నేను ఎండీ చేసి 21 ఏళ్లయింది. మొదటి 4 ఏళ్లు ఒక ఏరియా ఆసుపత్రిలో నేనొక్కదాన్నే మత్తు డాక్టర్ని. తర్వాత 9 ఏళ్లు విజయవాడలో నర్సింగ్ హోముల చుట్టూ తిరుగుతూ ఫ్రీలాన్సింగ్ చేశాను. గత 8 ఏళ్లుగా ఒక పెద్ద ఆసుపత్రిలో జీతానికి ఉన్నాను. మూడు రకాల బతుకూ చూశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మీరు విన్న మంచీ చెడూ అన్నీ ఒకే వేరు నుంచి వచ్చినవి. మన బ్రాంచిలో మనకంటూ సొంత పేషెంట్ ఉండరు. పేషెంట్ సర్జన్‌ను వెతుక్కుంటూ వస్తారు, గైనకాలజిస్టును వెతుక్కుంటూ వస్తారు. ఆపరేషన్ రోజు ఒక గంటో రెండు గంటలో మన చేతుల్లో ఉండి, మళ్లీ వాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిపోతారు. అందుకే భోజనం చేస్తుంటే "మేడమ్, బాబుకు మళ్లీ జ్వరం వచ్చింది" అని మనకు ఫోన్ రాదు. విజయవాడ వదిలి హైదరాబాద్ వెళ్లినా, విశాఖ వెళ్లినా వారం తిరక్కుండా పని దొరుకుతుంది. అదే పిల్లల డాక్టరు ఊరు మారితే పదేళ్లు కష్టపడి తెచ్చుకున్న ఓపీని అక్కడే వదిలేసి రావాలి. మరోవైపు, మన ఫీజు ఎంత, ఎప్పుడిస్తారు, ఆపరేషన్ల లిస్టు ఎన్నింటికి మొదలవుతుంది అనేవి కూడా పేషెంట్‌ను తెచ్చిన మనిషి చేతిలోనే ఉంటాయి. ఈ ఒక్క సంగతిని మీ స్వభావం పక్కన పెట్టి చూసుకోండి. డబ్బు, గౌరవం, తీరిక అన్నీ దీన్నిబట్టే ఉంటాయి.

డబ్బు గురించీ గౌరవం గురించీ మీకు చాలామంది చెప్పి ఉంటారు. పని ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి నేను అక్కడ మొదలుపెడతాను.

మామూలు సిజేరియన్ ఒకటి తీసుకోండి. అమ్మాయిని కూర్చోబెట్టి వీపు వంచమని చెప్పి, నడుములో సన్నటి సూదితో 2 మిల్లీలీటర్ల హెవీ బ్యుపివకేన్ అనే తిమ్మిరి మందు ఇస్తాం. పడుకోబెట్టిన రెండు నిమిషాలకు కాళ్లు బరువెక్కుతాయి. కింది భాగంలో రక్తనాళాలు సడలిపోయి బీపీ పడుతుంది. బీపీ కఫ్ ఇంకా గాలి ఎక్కించుకుంటూనే ఉంటుంది, ఈలోగా ఆ అమ్మాయి "డాక్టరమ్మా, వాంతి వచ్చేట్టుంది" అంటుంది. అంకె రాకముందే ఆ మాట మనకు సంగతి చెప్పేస్తుంది. గర్భసంచి బరువు పెద్ద సిర మీద పడకుండా టేబుల్‌ను ఎడమవైపు వంచి, బీపీ పెంచే ఫినైల్‌ఎఫ్రిన్ కొద్దిగా ఇస్తాం. నిమిషంలో వికారం పోతుంది, ముఖానికి రంగు వస్తుంది. ఇంకాసేపట్లో బిడ్డ ఏడుపు వినబడుతుంది. నాకు ఇది వేలసార్లు జరిగింది, ఇప్పటికీ విసుగు రాలేదు. ఎంబీబీఎస్ మొదటి ఏడాది మనం బట్టీ పట్టిన ఫిజియాలజీ ఇక్కడ ఒక మనిషిలో కళ్లముందు నడుస్తుంది. కారణం తెలుసు, మందు చేతిలో ఉంది, పనిచేసిందో లేదో నిమిషంలో తేలిపోతుంది. మెడిసిన్‌లో బీపీ మాత్ర రాసి నెల తర్వాత రమ్మంటాం. ఆ నెల రోజుల ఓపిక నాకు లేదని నేను పీజీ మొదటి ఏడాదిలోనే గ్రహించాను.

జనరల్ అనస్తీషియా ఇంకో రకం. ప్రొపోఫాల్ ఇస్తాం, కళ్లు మూతపడతాయి. కండరాలు సడలే మందు ఇస్తాం, ఊపిరి ఆగిపోతుంది. ఆ ఊపిరిని ఆపింది మనమే. ట్యూబు వేసి వెంటిలేటర్‌కు కలిపే దాకా ఆ మనిషి ప్రాణానికి మన చేతిలోని బ్యాగే ఆధారం. దీన్ని "నిద్రపుచ్చడం" అని మనం పేషెంట్లకు తేలిక మాటల్లో చెబుతాం. కానీ నిద్రలో మనిషి తన ఊపిరి తాను తీసుకుంటాడు. ఈ తేడా ఎప్పుడూ మరిచిపోని మనిషే ఈ పనికి కావాలి.

పల్స్ ఆక్సిమీటరు బీప్‌ను మీరు థియేటర్లో వినే ఉంటారు. ఆక్సిజన్ శాచురేషన్ పడేకొద్దీ ఆ బీప్ స్వరం కిందికి దిగుతుంది. కొన్నాళ్లకు మన చెవి దానికి ఎంత అలవాటు పడుతుందంటే, పక్కవాళ్లతో మాట్లాడుతున్నా, సిరంజిలో మందు తీస్తున్నా, స్వరం కాస్త దిగగానే తల దానంతటదే మానిటర్ వైపు తిరుగుతుంది.

ఇక టెన్షన్. అది ఏమాత్రం తక్కువ చేసి చెప్పను. ఏరియా ఆసుపత్రిలో నా రెండో ఏడు. రాత్రి రెండున్నరకు మాయ ముందే విడిపోయిన కేసు వచ్చింది. రక్తస్రావం, ప్లేట్‌లెట్లు తక్కువ, కాబట్టి నడుములో ఇంజెక్షన్ కుదరదు. జనరల్ ఇవ్వాలి. ముందు మాస్కుతో ఆక్సిజన్ పట్టించి, మత్తుకు థయోపెంటోన్, కండరాలు సడలడానికి స్కోలిన్ ఇచ్చి, గొంతు లోపల చూసే లారింగోస్కోపు పెడితే శ్వాసనాళానికి మూతలాంటి ఎపిగ్లాటిస్ అంచు తప్ప ఏమీ కనబడలేదు. నెలలు నిండిన గర్భిణికి ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నిల్వ తక్కువ, ఒంటికి కావలసింది ఎక్కువ. మామూలు మనిషికి దొరికే వ్యవధి అక్కడ దొరకదు. శాచురేషన్ 97 నుంచి 91కి, 84కి వచ్చింది. మాస్కుతో కాస్త ఆక్సిజన్ ఇచ్చి, తల ఎత్తు సరిచేసి, రెండోసారి బూజీ అనే సన్నటి కడ్డీ దూర్చితే శ్వాసనాళం రింగుల మీద టకటక తగిలింది. దాని మీదుగా ట్యూబు దింపాను. అప్పట్లో మా దగ్గర వదిలిన ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చూపే క్యాప్నోగ్రాఫ్ లేదు, స్టెతస్కోపుతో రెండువైపులా విని ఊపిరి పీల్చుకున్నాను. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. నా చేతులు వణకడం మొదలైంది మాత్రం ఆపరేషన్ అయిపోయి, టీ గ్లాసు పట్టుకున్నప్పుడు.

తెల్లవారాక ఆమె భర్త గైనకాలజిస్టు మేడమ్‌కు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. పక్కనే ఉన్న నన్ను దాటుకుని వెళ్లిపోయాడు. అతని తప్పేమీ లేదు, నేనెవరో అతనికి తెలియదు. నాకు బాధ వేసింది. ఆ రోజుల్లో ఇలాంటివి ఇంటికి మోసుకెళ్లేదాన్ని. తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. ముందురోజు వార్డుకు వెళ్లి పేషెంట్‌ను చూసేటప్పుడు మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నా పేరు చెబుతాను. "రేపు మీకు మత్తు ఇచ్చేది నేనే, మీరు లేచేదాకా మీ పక్కనే ఉంటాను" అంటాను. పీఏసీ, అంటే మత్తుకు ముందు చేసే ఈ పరీక్ష, నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది. కానీ థియేటర్లోకి వచ్చాక వాళ్ల కళ్లు నన్నే వెతుక్కుంటాయి. పేరు తెలియకపోవడంలో సగం మన చేతుల్లో ఉన్నదే. నిలబడే నాలుగు ప్రశ్నలు అడిగి, సంతకం పెట్టి వెళ్లిపోయే పద్ధతి మానేస్తే చాలావరకు మారుతుంది.

పేరు రాదు గానీ నింద మాత్రం వస్తుంది. మన ఊళ్లలో సిజేరియన్ అయిన ఏ అమ్మనైనా అడగండి. "ఆపరేషన్‌కు నడుములో ఇంజెక్షన్ ఇచ్చారు, అప్పటినుంచీ నడుము నొప్పే" అంటుంది. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండటం నిజమే. కొందరికి తలనొప్పి రావడమూ నిజమే, దానికి వైద్యం ఉంది. ఏళ్ల తరబడి ఉండే నడుము నొప్పికి మాత్రం ఆ ఇంజెక్షన్ కారణమని పరిశోధనల్లో తేలలేదు. గర్భం మోసినప్పుడు వంగిన వెన్ను, వదులైన పొట్ట కండరాలు, బిడ్డను ఎత్తుకుని వంగి పాలివ్వడం, బాలింతకు విశ్రాంతి లేకపోవడం, ఇవన్నీ కలిసి వచ్చే నొప్పి అది. నా సొంత పెద్దమ్మ కూడా ఇంటికి వచ్చినప్పుడల్లా నన్ను ఇదే అడుగుతుంది. ఓపిగ్గా చెబుతాను. మీరూ చెప్పాల్సి ఉంటుంది, బహుశా రిటైరయ్యే దాకా.

ఈ బ్రాంచిలో నేర్చుకోవలసిన విద్యల్లో అన్నిటికంటే కష్టమైనది ట్యూబు వేయడం కాదు, "ఈ రోజు వద్దు" అని చెప్పగలగడం. ఒక ఉదాహరణ. ఫ్రీలాన్సింగ్ రోజుల్లో ఒక నర్సింగ్ హోములో ఐదేళ్ల బాబు టాన్సిల్స్ ఆపరేషన్. వెళ్లి చూస్తే జ్వరం, పసుపు చీమిడి, ఛాతీలో గరగర. అలాంటి పిల్లలకు మత్తు ఇస్తే స్వరపేటిక బిగుసుకుపోయే ప్రమాదం బాగా ఎక్కువ. అత్యవసరమైన ఆపరేషన్ కూడా కాదు. తగ్గాక కొన్ని వారాలు ఆగి చేద్దామన్నాను. సర్జన్‌కు ఆ రోజు మూడు కేసులు, తల్లిదండ్రులు దూరం నుంచి వచ్చారు, గది అద్దె కట్టేశారు. "వేరేవాళ్లు ఇస్తారులెండి" అన్నారు. నేను తిరిగి వచ్చేశాను. ఆ తర్వాత అక్కడి నుంచి నాకు ఫోన్ రాలేదు. నెలకు ఏడెనిమిది కేసులు ఇచ్చే చోటు అది, ఇంటి ఈఎంఐ కట్టాల్సిన నెలల్లో ఆ లోటు బాగా తెలిసింది. సొంత పేషెంట్ లేకపోవడం అంటే ఇదే. పిల్లల డాక్టరు మందు రాయనని చెబితే ఒక పేషెంట్ పోతాడు. మనం మత్తు ఇవ్వనని చెబితే ఒక సర్జన్ పోతాడు, ఆయనతోపాటు ఆయన పేషెంట్లందరూ పోతారు.

ఉపవాసం సంగతీ ఇంతే. అన్నం తిని 6 గంటలు కాలేదు అని చెబితే "కొంచెం ఇడ్లీయే కదా మేడమ్" అంటారు. నీళ్లకైతే 2 గంటలు చాలు, ఇడ్లీకి చాలదు. ప్రాణం మీదికి వచ్చిన ఎమర్జెన్సీ అయితే కడుపు నిండా ఉన్నా తీసుకోవాల్సిందే, దానికి వేరే పద్ధతి ఉంది. గంట ఆగగలిగిన కేసుకు గంట ఆగమని చెప్పడానికి గొంతు పెగలాలి. మీరు గొడవ అంటే వెనక్కి తగ్గే మనిషైతే, అది తప్పని అనను, కానీ ఈ బ్రాంచిలో దాని ఖరీదు పేషెంట్ మీద పడుతుంది. పీజీలో ఉన్న మూడేళ్లలో మందుల డోసులతో పాటు ఇది కూడా నేర్చుకోవాలి. మంచి సర్జన్లు కూడా ఉంటారని ఇక్కడే చెప్పాలి. నేను వద్దంటే కారణం అడిగి, విని, పేషెంట్‌కు తామే సర్దిచెప్పిన సర్జన్లతో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. "సర్జన్ కింద" అనే మాట వాళ్ల దగ్గర నాకెప్పుడూ గుర్తుకు రాలేదు.

డబ్బు విషయం. పీజీ అయిన వెంటనే చేతికి డబ్బు రావడంలో మనం చాలామంది కంటే ముందుంటాం. క్లినిక్ అద్దెకు తీసుకోనక్కర్లేదు, మిషన్లు కొననక్కర్లేదు, పేరు తెచ్చుకునేదాకా ఖాళీ కుర్చీలో కూర్చోనక్కర్లేదు. ఒక కారు, ఒక బ్యాగులో లారింగోస్కోపు, కొన్ని మందులు ఉంటే ఫ్రీలాన్సింగ్ మొదలుపెట్టవచ్చు. కానీ ఆ సంపాదన మొదటి కొన్నేళ్లలోనే ఒక ఎత్తుకు చేరి అక్కడ దాదాపు నిలిచిపోతుంది. మనం వెళ్తేనే డబ్బు, జ్వరం వచ్చి పడుకుంటే సున్నా. సర్జన్‌కు వయసు పెరిగేకొద్దీ పేరు పెరిగి ఫీజు పెరుగుతుంది. మనకు 50 ఏళ్లప్పుడు కూడా రాత్రి రెండింటికి ఎమర్జెన్సీకి లేచి వెళ్తేనే ఆదాయం అదే స్థాయిలో నిలబడుతుంది.

దీనికి తోడు ప్యాకేజీలు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక చిన్న పట్టణాల్లో ఆపరేషన్లు పెరిగాయి, మనకూ పని పెరిగింది. కానీ ఆ ప్యాకేజీలో ఆసుపత్రికి వచ్చిన మొత్తంలోంచే మన వాటా ఇస్తారు. బిల్లు మంజూరు ఆలస్యమైతే అందరికంటే చివర అందేది మనకే. ఒక నర్సింగ్ హోమ్ నుంచి నాకు పది నెలల బాకీ రావాల్సి ఉండి, చివరికి సగానికి సర్దుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి ప్రతి కేసూ డైరీలో రాసి, నెలాఖరున లెక్క పంపించి, రెండు నెలలు దాటితే కొత్త కేసు ఒప్పుకోవడం ఆపేశాను. ఆ పని మొదటి రోజు నుంచే చేయాల్సింది.

పెద్ద ఆసుపత్రిలో జీతం అయితే ఒకటో తారీకు వస్తుంది, డ్యూటీ రోస్టరు ఉంటుంది, చేయి తిరగని కేసు వస్తే పక్క థియేటర్‌ నుంచి ఇంకో అనస్తీషియా డాక్టర్ని పిలవచ్చు. ఈ చివరిదాని విలువ ఒంటరిగా నాలుగేళ్లు పనిచేసిన నాకు తెలుసు. వీడియో లారింగోస్కోపు, క్యాప్నోగ్రాఫ్, నరాలను మొద్దుబార్చే బ్లాకులకు అల్ట్రాసౌండ్ అన్నీ అక్కడే ఉంటాయి. పీజీ అయిన మొదటి రెండేళ్లు దయచేసి ఒంటరిగా పనిచేసే చోటుకు వెళ్లకండి, ఎంత ఎక్కువ ఇస్తామన్నా సరే.

పని గంటలు హాయిగా ఉంటాయన్న మాట సగం నిజం. డ్యూటీ దిగితే నిజంగా దిగినట్టే, మనసులో ఏ వార్డూ తిరగదు. కానీ డ్యూటీ ఎన్నింటికి దిగుతామన్నది లిస్టు చెబుతుంది. మధ్యాహ్నం మూడుకు అయిపోవాల్సిన పేగు ఆపరేషన్ ఏడింటిదాకా సాగితే, బాబు స్కూలు ఫంక్షన్ ఉందని మాస్కు తీసేసి వెళ్లలేం. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నేను ఎక్కువ మిస్సయింది ఇలాంటి సాయంత్రాలే. మా అత్తగారు ఇంట్లో ఉండబట్టి గడిచింది, ఆ అండ లేని స్నేహితురాళ్లు కొన్నేళ్లు పని తగ్గించుకున్నారు. ఇక్కడ మన బ్రాంచికి ఒక మంచి గుణం ఉంది. రెండేళ్లు తగ్గించుకుని మళ్లీ వస్తే చేయి కొంచెం మొద్దుబారుతుందేమో గానీ ఓపీ పోయిందన్న బాధ ఉండదు. గర్భంతో ఉన్నప్పుడు వాడేసిన గ్యాసులను బయటికి లాగే స్కావెంజింగ్ ఉందో లేదో అడగండి. చాలా చిన్న థియేటర్లలో ఉండదు. ఆ నెలల్లో మాస్కుతో గ్యాసు పట్టించే పిల్లల కేసులు వేరేవాళ్లకు ఇవ్వమని అడగడానికి మొహమాటపడకండి.

ఒక విషయం మన దగ్గర పైకి మాట్లాడరు, నేను మాట్లాడతాను. ఫెంటనిల్ లాంటి, వ్యసనంగా మారగల బలమైన నొప్పి మందులు రోజూ మన చేతుల్లో ఉంటాయి. నిద్రలేమి, ఒంటరితనం, ఒత్తిడి ఉన్న మనిషికి అవి అందుబాటులో ఉండటం ప్రమాదం. నాకు తెలిసిన ఒక చురుకైన కుర్రాడిని మేం ఇలా పోగొట్టుకున్నాం. మీకు గానీ ఇంట్లో గానీ డిప్రెషన్, వ్యసనాల చరిత్ర ఉంటే ఈ సీటు తీసుకోకూడదని కాదు. సైకియాట్రిస్టుతో ముందే మాట్లాడి, సాయం ఎవరిని అడగాలో ముందే పెట్టుకుని రండి.

చట్టం గురించి మీరు అడగలేదు, అయినా రెండు మాటలు. టేబుల్ మీద ఏదైనా జరిగితే మొదటి వేలు మనవైపే చూపిస్తారు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు డాక్టరు మీద క్రిమినల్ కేసుకు ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని చెప్పింది. నిర్లక్ష్యం వల్ల కలిగిన మరణానికి ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షను ఉంది. వినియోగదారుల కోర్టు దారి ఎలాగూ ఉంది. మనల్ని కాపాడేది మనం రాసిన కాగితమే. పీఏసీలో ఏం చూశామో, ప్రమాదం ఏ భాషలో ఎవరికి చెప్పామో, ఐదు నిమిషాలకోసారి బీపీ ఎంత ఉందో ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఇలాంటి కేసుల ఖర్చుకు ఆదుకునే ఇండెమ్నిటీ బీమా మొదటి జీతం నుంచే కట్టండి.

మీ నాన్నగారి బాధ సొంత బోర్డు గురించి కదా. దానికీ దారులున్నాయి, మన బ్రాంచిలోనే. క్రిటికల్ కేర్‌కు వెళ్తే ఐసీయూ మనది, అక్కడి పేషెంట్ మన పేషెంట్, బయట కూర్చున్న కుటుంబానికి రోజూ చెప్పేది మనమే. దానికి ఎండీ తర్వాత చేసే డీఎం ఉంది, ఐడీసీసీఎం అనే ఏడాది డిప్లొమా ఉంది. 2020, 2021లో కోవిడ్ వచ్చినప్పుడు ట్యూబు వేయడం, వెంటిలేటర్లు నడపడం, మనిషిని బోర్లా పడుకోబెట్టి ఆక్సిజన్ పెంచడం, ఎక్కువగా మన బ్రాంచి వాళ్ల చేతుల మీదే జరిగింది. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి మొత్తాన్ని కోవిడ్‌కు కేటాయించిన ఆ నెలల్లో, మత్తు డాక్టరు అంటే ఏమిటో మొదటిసారి జనానికి కొంచెం తెలిసింది. రెండో దారి పెయిన్ క్లినిక్. క్యాన్సర్ నొప్పి, నడుము నుంచి కాలికి పాకే నొప్పి, ముఖంలో కరెంటు షాకులా కొట్టే నొప్పి, వీటికి ఇంజెక్షన్లూ బ్లాకులూ నేర్చుకున్నవాళ్లు సొంత ఓపీ పెట్టుకుని, బోర్డు మీద పేరు రాసుకుని కూర్చుంటున్నారు. మన రాష్ట్రాల్లో ఈ అవసరం చాలా ఉంది, చేసేవాళ్లు తక్కువ. గుండె, మెదడు, పిల్లల అనస్తీషియాలో డీఎంలు కూడా ఉన్నాయి. అవి చేయి పదును పెంచుతాయి గానీ సొంత పేషెంట్‌ను ఇవ్వవు. ఆ తేడా తెలుసుకుని ఎంచుకోండి.

విదేశాల మాట క్లుప్తంగా. బ్రిటన్‌లో మనవాళ్లు చాలామంది అక్కడి అనస్తీషియా పరీక్ష ఎఫ్‌ఆర్‌సీఏ రాసి స్థిరపడ్డారు. అమెరికా అయితే మామూలుగా అక్కడి లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈ రాసి రెసిడెన్సీ మళ్లీ మొదటి నుంచి చేయాలి. అక్కడ శిక్షణ పొందిన నర్సులు కూడా మత్తు ఇస్తారు, కాబట్టి పని తీరు వేరు. ఆ ఆలోచన ఉంటే ఇప్పుడే పెట్టుకోండి, ఎండీ అయ్యాక కాదు.

ఒక విషయం మీ నాన్నగారికి తప్పక చెప్పండి. ఈ విద్యకూ మన నేలకూ పాత సంబంధం ఉంది. 1888లో, 1889లో హైదరాబాద్‌లో నిజాం ఖర్చుతో క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి. క్లోరోఫామ్‌తో మరణాలు గుండె ఆగడం వల్లా, ఊపిరి ఆగడం వల్లా అన్నది అప్పట్లో ప్రపంచమంతా వాదించుకుంటున్న ప్రశ్న. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపిన ఆ ప్రయోగాలు, ముందు ఆగేది ఊపిరే, కాబట్టి ఊపిరినే కనిపెట్టి ఉండండి అని తేల్చాయి. ఆ తీర్పులో లోపం ఉందని, తేలిక మత్తులో క్లోరోఫామ్ గుండె లయను చెదరగొట్టి ఆపేయగలదని 1911లో లెవీ అనే పరిశోధకుడు చూపించాడు. అయినా ఊపిరిని కనిపెట్టి ఉండమన్న మాట మాత్రం ఈ రోజుకీ నా పీజీలకు నేను చెప్పే మొదటి మాట. ఆ కాలంలోనే హైదరాబాద్ మెడికల్ స్కూలులో చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ అనే ఆమె ఇక్కడి ఆసుపత్రుల్లో క్లోరోఫామ్ ఇచ్చేవారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను చెబుతారు. మనం ఆ వరసలో వాళ్లమే.

పీడియాట్రిక్స్‌తో పోల్చమన్నారు. మీరు రాసిన దాంట్లో ఒక వాక్యం దగ్గర నేను ఆగాను. హౌస్ సర్జన్సీలో ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బుపడ్డ పసికందుల ప్రత్యేక వార్డులో) పనిచేసినప్పుడు, డిశ్చార్జి అయిన బిడ్డలు మూడు నెలలకు బొద్దుగా తిరిగి వస్తే చూడటం ఎంతో బాగుండేదని రాశారు. నిజంగా మీకు ఆనందం ఆ తిరిగి రావడంలోనే ఉంటే, అనస్తీషియాలో అది దొరకదు. మనకు వచ్చే ఆనందం రికవరీ రూములో పేషెంట్ కళ్లు తెరిచి "అయిపోయిందా?" అని అడగడం దాకానే. నాకు అది చాలు. మీకు చాలుతుందా అన్నది మీరే చూసుకోవాలి. డీఎన్‌బీ, ఎండీ తేడా గురించి అంత బెంగ వద్దు, రెండూ పనికొచ్చేవే. ప్రభుత్వ కాలేజీ అయితే చేతికి కేసులు ఎక్కువ దొరుకుతాయి, అది పెద్ద లాభం. అయితే ఆ కాలేజీలో ప్రసూతి ఓటీ (ఆపరేషన్ థియేటర్) రాత్రిపూట ఎంత రద్దీగా ఉంటుంది, యాక్సిడెంట్ కేసులు వస్తాయా, పిల్లల సర్జరీ ఉందా, ఐసీయూ పోస్టింగు ఎన్ని నెలలు, బ్లాకులకు అల్ట్రాసౌండ్ పీజీల చేతికి ఇస్తారా, రాత్రి పిలిస్తే అసిస్టెంట్ ప్రొఫెసర్ వస్తారా అని ప్రస్తుతం అక్కడున్న రెండో ఏడాది పీజీని అడగండి. మొదటి ఏడాది వాళ్లకు ఇంకా తెలియదు, మూడో ఏడాది వాళ్లు పరీక్ష హడావుడిలో ఉంటారు.

ఆప్షన్లు పెట్టడానికి ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయన్నారు. ఈలోగా ఏదైనా జిల్లా ఆసుపత్రిలో అనుమతి తీసుకుని ప్రసూతి ఓటీలో ఒక రాత్రి, ఎనిమిది నుంచి ఎనిమిది దాకా ఉండండి. హౌస్ సర్జన్‌గా మీరు ఇన్నాళ్లూ కడుపు వైపు నిలబడి రిట్రాక్టర్ పట్టుకుని ఉంటారు. ఈసారి తెరకు ఇవతల, తల వైపు స్టూలు వేసుకుని కూర్చోండి. ఆపరేషన్ వైపు చూడకండి. ఆ అమ్మాయి ముఖం, మానిటర్, మత్తు డాక్టరు చేతులు, ఈ మూడే చూడండి. ఆ ఆసుపత్రుల్లో మీకు ఎవరూ తెలియకపోతే మీది ఏ జిల్లానో చెప్పండి, అక్కడ నాకు తెలిసినవాళ్లను అడిగి రెండు రోజుల్లో చెబుతాను.